ఇటుకల సంచి

చండూరు
ఆదివారం రాత్రి

బిడ్డా శిరీషా,

ఇక్కడ అందరం మంచిగనే ఉన్నాం. నల్ల బర్రె ఈనింది, పెయ్యదూడ. మీ అమ్మ మోకాళ్ళ నొప్పులు అట్లనే ఉన్నాయి, నువ్వు రాసిచ్చిన గోళీలు మొన్ననే అయిపోయినాయి. డబ్బాలో ముంజలు పెడదామంటే బస్సు ఎండకు నీళ్ళు కారి పాడైతాయని అమ్మ వద్దన్నది. సకినాలు, మామిడికాయ తొక్కు పంపుతున్నాం. తొక్కు సీసా మూత గట్టిగా తిప్పు. పోయినసారి నీ లాగ్‌బుక్కుకు నూనె మరకలు చేసుకున్నావు.

ఫోన్ చేస్తే "డ్యూటీ నాయినా, మళ్ళ చేస్త" అంటావు. మళ్ళీ చేయవు. ఇరవై రెండు రోజులైంది. అందుకే కూర్చొని రాస్తున్నా.

యాదమ్మ అల్లుడు నార్కట్‌పల్లి దగ్గర బండి మీద నుంచి పడితే మీ ఆసుపత్రికే తీసుకపోయినారట. కట్టు కట్టించుకొని ఊరికి వచ్చినాక, నువ్వు మెట్ల మీద ఒక్కదానివే కూర్చొని ఏడుస్తుంటే చూసినానని చెప్పినాడు. ఆ మాట మా కల్లుగీత సంఘం ఆఫీసు దాకా వచ్చేసరికి "ఎముకల డాక్టరు చదువు సీటు ఇడిచిపెట్టి వస్తదట" అయింది. నేను నమ్మలేదు. మీ అమ్మ మాత్రం రెండు రోజులుగా సరిగా తినడం లేదు. సరే, ఆ సంగతి పక్కన పెట్టు.

నువ్వు పోరుపెట్టినట్టే కాటమయ్య కిట్టు, అదే కింద పడకుండా పట్టే బెల్టులు, వేసుకునే తాటిచెట్టు ఎక్కుతున్నా. 2024లో సర్కారు ఇచ్చినప్పుడు ఈ బెల్టులు మనకెందుకు అనుకున్నా గాని, ఇప్పుడు మోకు తాడు ఒక్కటే నడుముకు ఉంటే పైన భయమైతది. మరి నా సంగతి అంత అడిగేదానివి, ఆపరేషన్‌లో ఎక్స్‌రే తీసే ఆ సీ-ఆర్మ్ మిషను నడిచేటప్పుడు నువ్వు సీసం ఏప్రాన్ వేసుకుంటున్నావా? మెడకు కట్టుకునేది కూడా ఉంటుంది గదా, తొందరలో దాన్ని వదిలేస్తామని నువ్వే ఒకసారి నోరు జారినావు. బరువుంటే ఉండనీ. వేసుకో.

నిద్ర ఎన్ని గంటలు పోతున్నావు? మొన్న శుక్రవారం పొద్దున ఏడింటికి వార్డులోకి పోయినదానివి శనివారం రాత్రి "రూముకు వచ్చినా" అని మెసేజ్ పెట్టినావు. మీ అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది, ముప్పై ఆరు గంటలు దాటింది. మీ పీజీ డాక్టర్లకు వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు ఇవ్వాలని మెడికల్ కమిషన్ 2023 రూల్స్‌లోనే ఉందంట. వారానికి 74 గంటలు మించొద్దని 2024లో వాళ్ళు వేసిన కమిటీయే చెప్పింది. పేపర్లో చదివి కత్తిరించి పెట్టినా, డబ్బాలో సకినాల కింద ఉంటది. ఎవరితో కొట్లాడమని కాదు. అడగడానికి మొహమాటపడితే మన పానమే పోతుంది. నువ్వు చిన్నప్పటి నుంచి అంతే, జ్వరమొచ్చినా చెప్పేదానివి కాదు. అన్నం వేళకు తినాలె, నీళ్ళు తాగాలె, జుట్టు తడిగా పెట్టుకొని ఏసీ థియేటర్‌లోకి పోవద్దు. లెక్చర్ ఇయ్యొద్దు అనుకుంటూనే మొదలుపెట్టినా.

నీకు ఎప్పుడూ చెప్పని ముచ్చట ఒకటుంది. 1997 ఎండాకాలం, నువ్వు పుట్టక ముందు. మీ చిన్నాయిన మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు, తొడ ఎముక రెండు ముక్కలైంది. మేము తెలివి తక్కువై ముందు కట్లు కట్టేటాయన దగ్గరికి తీసుకపోయినాం. గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించి కట్టినాడు. తెల్లారేసరికి కాలి వేళ్ళు నీలమై చల్లబడ్డాయి. పట్నం పెద్దాసుపత్రికి పోతే రాత్రి డ్యూటీలో సన్నగా ఒక చిన్న వయసు డాక్టరు ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడకుండా కత్తెరతో ఆ కట్టు మొత్తం కోసి పారేసినాడు. బొటనవేలి గోరు నొక్కి వదిలి, రక్తం తిరిగి వస్తదా అని చూసినాడు. మళ్ళీ నొక్కినాడు. ఎన్నిసార్లు నొక్కినాడో నాకు లెక్క లేదు. రెండు వేళ్ళు పోయినాయి గాని కాలు దక్కింది.

తర్వాత మోకాలి కింద ఎముకలో అడ్డంగా స్టీలు పిన్ను వేసి, దానికి తాడు కట్టి, మంచం చివర గిరక మీదుగా ఇటుకల సంచి వేలాడదీసినారు. అట్ల వారాల తరబడి. మూడో రాత్రి మీ చిన్నాయిన నొప్పికి అరుస్తుంటే నాకు చూడబుద్ధి కాలేదు. ముడులు నాకు కొత్తా? తాడు విప్పి, జానెడు వదిలి, మళ్ళీ కట్టినా. సంచి నేలకు ఆనింది. తమ్ముడు నిద్రపోయినాడు, నేను కూడా పోయినా.

పొద్దున రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు సంచి చూసి ఆ పిల్లవాణ్ణి వార్డు మొత్తం ముందు తిట్టినాడు. "ముడి వేయడం రాని నువ్వు ఆపరేషన్లు ఏం చేస్తవు, ఇంటికి పో" అన్నాడు. ఆ పిల్లవాడు ముడి వైపు చూసినాడు. అది ఆయన వేసిన ముడి కాదు, చెట్లెక్కే గౌడోళ్ళ ముడి. తర్వాత నా వైపు చూసినాడు. ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు బిడ్డా.

నల్లా దగ్గర ముఖం కడుక్కుంటూ ఆయన ఏడవడం నేను చూసినా. పది నిమిషాలకు తిరిగి వచ్చి, తమ్ముడికి నొప్పి ఇంజెక్షన్ ఇప్పించి, తాడు మళ్ళీ కట్టినాడు. "తొడ కండ బలమైందన్నా, విరిగిన ముక్కలను ఒకదాని మీదికి ఒకటి గుంజుతది. సంచి గాలిలో ఉంటేనే ఎముక తన జాగాలో నిలబడుతది" అని నాకు చెప్పినాడు. నన్ను అన్నా అన్నాడు. నేను ఆయన పేరు కూడా అడగలేదు.

నువ్వు తొమ్మిదో తరగతిలో ఎముకల డాక్టర్‌నైతా అన్నప్పుడు నాకు ఆయనే యాదికొచ్చినాడు. నువ్వన్నది మీ తాతమ్మను చూసి. మర్రిగూడ ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగి తాగి, నడుము వంగి, మెడ తిప్పలేక, నిన్ను చూడాలంటే మనిషి మొత్తం తిరిగేది. ఫ్లోరైడ్ ఎముక ఎక్స్‌రేలో తెల్లగా గట్టిగా కనపడుతది, కానీ పుటుక్కున విరుగుతదని మొన్న సెలవులకు వచ్చినప్పుడు నువ్వే చెప్పినావు. ఆడపిల్లకు ఎముకల డాక్టరు చదువేంది, బలం చాలదు అన్నోళ్ళు మన ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళకు నేను జవాబు చెప్పుకుంటా, నువ్వు చెప్పనక్కరలేదు. నువ్వు సీటు వదిలేసి వచ్చినా ఈ ఇల్లు నీదే. కాని ఎవరో ఏదో అన్నారనో, ఒక కేసు తప్పు పోయిందనో అయితే, ముందు నాకు చెప్పు. ఏడిస్తే ఫోన్‌లో ఏడువు, మెట్ల మీద ఒక్కదానివే కూర్చోకు.

ఇంకొకటి. మీ చిన్నాయిన కాలు ఇప్పటికీ అంగుళం పొట్టి. ఆ ఒక్క రాత్రి సంచి నేలకు ఆనినందుకే అట్లయిందా? ఒక్క రాత్రికి అంత అవుతుందా? ఆయనకు నేను ఇంతవరకు చెప్పలేదు. ఫోన్ చేసి నాకు చెప్పు. రాత్రి రెండింటికైనా చెయ్యి, దిండు కిందనే పెట్టుకుంటా. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా చెట్ల మీద ఉంటా, అప్పుడైతే అమ్మ ఎత్తుతుంది. ఆమెతో కూడా రెండు మాటలు మాట్లాడు.

స్టీలు డబ్బా పారేయకు, అది మీ అమ్మమ్మది.

నాయిన