ఇరిడియం సోర్స్ కాగితాల కోసం ఆగదు

సంపాదకులకు,

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బ్రాకీథెరపీలో (కణితి దగ్గరే రేడియేషన్ ఇచ్చే చికిత్సలో) వాడే ఇరిడియం-192 సోర్స్, అంటే రేడియోధార్మిక ముక్క, బియ్యపు గింజంత ఉంటుంది. 74 రోజుల్లో దాని బలం సగమైపోతుంది. 10 క్యూరీల (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) సోర్స్ విమానాశ్రయం గోదాములో పది రోజులు పడి ఉంటే 9.1కి దిగుతుంది. పాతదానితోనే నెట్టుకొస్తే ఇంకా కష్టం: మొదట్లో పది నిమిషాల్లో అయిన చికిత్సకు 148వ రోజున రోగి 40 నిమిషాలు కదలకుండా పడుకోవాలి.

విదేశం నుంచి సోర్స్ రావడం ఆలస్యమైతే అందరూ కస్టమ్స్‌ను తిడతారు. చాలాసార్లు తప్పు ఆసుపత్రి బల్ల మీదే మొదలవుతుంది. అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి లేకుండా సోర్స్ తెప్పించడానికి వీల్లేదు. దరఖాస్తు మండలి ఆన్‌లైన్ పోర్టల్ ఈ-లోరాలో పెట్టాలి. మండలి ఆమోదించిన ఆసుపత్రి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ మానేసి, కొత్తవారికి ఇంకా ఆమోదం రాకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది.

రెండో చిక్కు అంకెలది. అనుమతిలో 370 గిగాబెకరెల్ (రేడియోధార్మికతకు మరో యూనిట్), ఇన్‌వాయిస్‌లో 10 క్యూరీలు అని ఉంటే రెండూ ఒకటేనని కస్టమ్స్ కౌంటర్ దగ్గర వివరిస్తూ కూర్చోవాలి. రెండు యూనిట్లూ, ఏ తేదీకి కొలిచారో కూడా ముద్రించమని సరఫరాదారుకు ముందే చెప్పాలి. ఆ తేదీకి 10 క్యూరీలు ఉండాలంటే వారం ముందు బయల్దేరేటప్పుడు 10.7 ఉంటుంది. అనుమతి సరిగ్గా 10కే తీసుకుంటే పెట్టె కదలకముందే పరిమితి దాటినట్టు! దరఖాస్తులో గరిష్ఠ పరిమాణం రాసేటప్పుడే ఈ తేడా కలుపుకోవాలి.

విమానంలో ఇది టైప్-ఏ అనే రకం రేడియోధార్మిక సరుకు పెట్టెలో, ప్రమాదకర సరుకులకిచ్చే గుర్తింపు నంబరు యూఎన్ 3332తో వస్తుంది. పెట్టె లేబుల్ మీది ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్ (పెట్టెకు మీటరు దూరంలో రేడియేషన్ ఎంతో చెప్పే అంకె), పంపినవారి డిక్లరేషన్‌లోని అంకె ఒకటే కాకపోతే విమాన సంస్థ ఎక్కించుకోదు. మధ్యలో విమానం మారితే, రెండో సంస్థ కూడా రేడియోధార్మిక సరుకు తీసుకుంటుందో లేదో బుకింగ్‌కు ముందే అడగాలి.

వాడేసిన సోర్స్‌ను వెనక్కి తీసుకుంటామని తయారీదారు నుంచి కొనేముందే రాతపూర్వక హామీ తీసుకోవాలి. పట్టించుకోని పాత కోబాల్ట్-60 అనే మరో రేడియోధార్మిక సోర్స్ తుక్కు కింద అమ్ముడుపోయి 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒకరి ప్రాణం తీసింది.

మా సూచన ఒక్కటే. కొత్త సోర్స్ యంత్రంలో చేరిన వారంలోనే తర్వాతిదాని కాగితాలు కదపండి. పెట్టె శుక్రవారం రాత్రి దిగేలా మాత్రం బుక్ చేయొద్దు, సోమవారానికి దాని బలంలో దాదాపు మూడు శాతం పోతుంది.

- కొందరు మెడికల్ ఫిజిసిస్టులు, హైదరాబాద్