గాలం వేయిస్తాం గానీ చేపకు హామీ ఇవ్వం

మా వెంట ఆదివారం ఉదయాల్లో గాలంతో చేపలు పట్టడానికి చెరువుకు వచ్చే కుటుంబాలందరికీ నమస్కారం. దసరా తరువాత మొదలయ్యే కొత్త సీజనులో మా ధర, వేళలు, ఒక ఉదయానికి తీసుకువెళ్లే కుటుంబాల సంఖ్య, ఇంటికి తీసుకుపోగల చేపల పరిమితి మారుతున్నాయి. ఆ వివరాలన్నీ కింద రాస్తున్నాను గానీ, వాటన్నిటికీ మూలమైన మాట ఒకటి ముందుగా చెప్పాలి. పిల్లలను చీకటితో నిద్రలేపి, హైదరాబాద్ మెహిదీపట్నం నుంచి గంటకు పైగా ప్రయాణం చేసి వస్తున్నప్పుడు కనీసం ఒక్క చేపైనా పడుతుందని హామీ ఇవ్వకూడదా అని పోయిన సీజను చివర్లో చాలామంది అడిగారు. అడగడంలో తప్పేమీ లేదు. ఆ హామీ మేము ఇవ్వడం లేదు, ఇక ముందు కూడా ఇవ్వం. ఎందుకో మీకు పూర్తిగా తెలిస్తేనే పెరిగిన ధర చెల్లించాలో వద్దో మీరు నిర్ణయించుకోగలరు.

హామీ ఇవ్వడానికి మార్గం లేకపోలేదు. అర ఎకరం గుంట తవ్వించి, అందులో చేపలను ఒత్తుగా వదిలి, జనం వచ్చే ముందు రెండు రోజులు మేత ఆపితే, గాలం నీటిలో పడిన కొద్దిసేపటికే చేప పడుతుంది. అటువంటి గుంట పెట్టమని మాకు సలహా ఇచ్చినవారు ఉన్నారు, స్థలం చూపించినవారు కూడా ఉన్నారు. ఆ పద్ధతిలో నడిపేవారిని మేము తప్పు పట్టం. మరీ చిన్న పిల్లలకు అది చాలు. అయితే మీ పిల్లలకు మేము చూపించదలచుకున్నది కట్ట, తూము, నిండినప్పుడు నీరు పొర్లే మత్తడి ఉన్న ఊరి చెరువును, అందులో తన ఇష్టం వచ్చినట్టు తిరిగే చేపను, దాన్ని పట్టి బతికే మనుషుల పనితనాన్ని. ఆకలితో మాడిన చేపను పైకి లాగితే ఫోటో వస్తుంది, చెరువు సంగతి ఒక్కటీ తెలియదు.

చేవెళ్ల దాటిన తరువాత వచ్చే ఆ చెరువు మాది కాదు. అందులో చేపలు పట్టే హక్కు ఆ ఊరి మత్స్య పారిశ్రామిక సహకార సంఘానిది. సంఘం అనుమతితో, దాని సభ్యులు వెంట ఉండగా, చెరువుకు ఒక పక్కన మాత్రమే మేము గాలాలు వేయిస్తాం. చెరువు పేరును ఇక్కడ రాయకపోవడం కూడా సంఘం కోరిక మీదనే. పేరు తెలిసిన చోటికి ఎవరికి వారే వలలతో రావడం వారికి అనుభవమే గనుక, పేరు నమోదు చేసుకున్న కుటుంబాలకు మాత్రమే దారి చెబుతాం.

ఆ చెరువులో పడే చేపల్లో ఎక్కువ భాగం బొచ్చె, రవ్వ, మ్రిగాల. ఈ మూడు జాతులూ నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారే నది కావాలి. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు ఒడిశాలో చేపల మెదడు దగ్గర ఉండే పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి ఈ చేపల చేత గుడ్లు పెట్టించిన తరువాతనే ఊరూరి చెరువుల్లో ఇవి ఇంత విరివిగా పెరగడం సాధ్యమైంది. ఏటా జూలై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరిగేది దానికి గుర్తుగానే. మన తెలంగాణ రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా పంపిణీ చేస్తున్న చేప పిల్లలను సంఘాలు వానాకాలంలో చెరువుల్లో వదులుతున్నాయి. ఏడాది పొడవునా నీరు నిలిచే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు వస్తాయి.

దీన్ని బట్టి మీరు ఏ నెలలో రావాలో ఆలోచించుకోవచ్చు. అక్టోబరు, నవంబరు నెలల్లో పడేవి ఎక్కువగా ఆ ఏడు వదిలిన జానెడు చేపలే, వాటిని తిరిగి నీటిలోకి వదిలేస్తాం. ఎండాకాలం మొదలయ్యే నాటికి అవే చేపలు చెప్పుకోదగ్గ సైజుకు వస్తాయి, కానీ అప్పటికి సంఘం పెద్ద వలలు దింపి అమ్మకాలు మొదలుపెడుతుంది. చేపలు పెద్దవి కావడం, వాటి సంఖ్య తగ్గడం ఇంచుమించు ఒకే కాలంలో జరుగుతాయి. పిల్లలకు గాలం పట్టడం నేర్పించాలనుకునేవారు డిసెంబరుకు ముందు, పెద్ద చేప కోసం ఓపికగా కూర్చోగలవారు ఫిబ్రవరి తరువాత వస్తే మంచిదని నా అభిప్రాయం.

ఇక వేళల సంగతి. చీకటి ఉండగానే గాలం వేస్తే చేపలు బాగా పడతాయన్న నమ్మకంతో కొందరు మమ్మల్ని ఇంకా ముందుగా మొదలుపెట్టమని కోరారు. మేము వెళ్లే చెరువు విషయంలో అది సరిపోదు. పగటిపూట నీటిలోని నాచు, మొక్కలు ఎండ సాయంతో ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రంతా అవి కూడా చేపలతోపాటు ఆ వాయువునే పీల్చుకుంటాయి. అందువల్ల నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉండేది సరిగ్గా తెల్లవారుజామున. ముందురోజు మబ్బు పట్టి ఉక్కపోతగా ఉంటే అది మరింత పడిపోయి, చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారు ఆ దృశ్యం చూసి చేపలు విరివిగా ఉన్నాయని సంబరపడతారు గానీ, అవి ఊపిరాడక పైకి వచ్చినవి; ఆ సమయంలో ఎరను ముట్టవు, వాటిని కదిలించడం కూడా మంచిది కాదు. కాసేపు ఎండ తగిలి, నీటిమీద గాలి ఆడిన తరువాత అవి మేతకు దిగుతాయి. అందుచేత చలికాలంలో చెరువు దగ్గర కలిసే సమయాన్ని 5.45 నుంచి 6.30కు జరుపుతున్నాం. జనవరిలో ఇక్కడ సూర్యుడు ఉదయించేదే 6.45 దాటాక గనుక, గాలాలు కట్టుకుని ఎర కలుపుకునేసరికి వెలుగు వస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మాత్రం 6 గంటలకే మొదలుపెట్టి 9 గంటలకల్లా ముగిస్తాం.

ఆ మూడు గంటల్లో ఏం జరుగుతుందన్నదానికి మాత్రం మేము పూర్తిగా బాధ్యత వహిస్తాం. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పై నీటిలో మేస్తుంది. రవ్వ నడిమి నీటిలో, మ్రిగాల అడుగున మేస్తాయి. నీటిపై తేలే బెండుకూ గాలానికీ మధ్య తంగూసు దారం ఎంత పొడవు వదలాలో తేలేది ఈ సంగతి తెలిస్తేనే. పిల్లల చేత ఈ కొలత వేయించడం, గోధుమపిండిలో పల్లి చెక్క, కొద్దిగా సోంపు కలిపి ఎర ముద్ద చేయించడం, బెండు గాలికి ఊగడానికీ చేప లాగడానికీ తేడా గమనించేలా చేయడం మా వెంట ఉండే మత్స్యకారుల పని. అదే ఈ ఉదయంలో అసలైన భాగమని నేను నమ్ముతున్నాను, ఒక్క చేప కూడా పడని రోజున కూడా ఇది తగ్గదు. గాలాల కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును పట్టకారతో నొక్కేసి ఇస్తాం. దానివల్ల చేపలు కొన్ని జారిపోతాయి, నిజమే. కానీ గాలం పిల్లల వేలికి గుచ్చుకున్నా, తిరిగి వదలవలసిన చిన్న చేప నోట చిక్కుకున్నా తేలికగా వస్తుంది. పిల్లలు తంగూసుకు బరువు కోసం కట్టిన గుళ్లను పళ్లతో నొక్కడం మానరు గనుక సీసపు గుళ్లను పూర్తిగా తీసేసి ఇనుప గుళ్లు వాడుతున్నాం. వదలబోయే చేపను పొడి చేతులతో పట్టుకోవద్దని, దాని ఒంటిమీది జిగురు పొర పోతే రోగాలు పట్టుకుంటాయని ముందే చెబుతాం. జెల్ల పడితే మాత్రం పెద్దలు కూడా చేయి పెట్టవద్దు, దాని రెక్కల ముళ్లు గుచ్చుకుంటే చాలాసేపు మంట పెడుతుంది.

అందరూ ఎక్కువగా అడిగే కొరమీను విషయంలో ఈసారి కచ్చితమైన నియమం పెడుతున్నాం. మృగశిర కార్తె వస్తుందనగా, అంటే జూన్ మొదటి వారంలో, ముషీరాబాద్, బేగంబజార్ మార్కెట్లలో చేపలకు ఎంత గిరాకీ ఉంటుందో మీకు తెలుసు; ఆ వారమే మాకు కూడా, ఒక్క ఉదయం కొరమీను పట్టించండి అంటూ ఫోన్లు వస్తాయి. తెలంగాణ రాష్ట్ర చేప అదే, రుచిలో దానికి సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను. అయితే తొలకరి నుంచి వానలు తగ్గే వరకు అది పిల్లలను పెట్టే కాలం. ఎర్రగా మెరిసే పిల్లలు గుంపుగా నీటి పైన కదులుతుంటే, తల్లీతండ్రీ కింద కాపలా తిరుగుతుంటాయి. దగ్గరికి ఏది వచ్చినా మీదపడి కరుస్తాయి. ఆ రోజుల్లో దాన్ని గాలంతో పట్టడం చాలా సులువు. అలా పట్టిన నాడు కాపలా పోయి, పిల్లల గుంపు మొత్తం ఇతర చేపల పాలవుతుంది. బొచ్చె, రవ్వలకు ప్రభుత్వం పిల్లలను ఇస్తుంది. ఈ చెరువులో కొరమీను మాత్రం తనంతట తాను పెంచుకున్న సంతానం మీదనే నిలబడాలి. కాబట్టి మే నుంచి దసరా వరకు యాత్రలు ఉండవు, ఎంత ఇస్తామన్నా ఉండవు. సీజనులో కొరమీను పడితే కుటుంబానికి ఒక్కటి ఉంచుకోవచ్చు. మిగతా చేపలలో అర కిలోకు పైబడినవి కుటుంబానికి మూడు వరకు ఉంచుకోవచ్చు, వాటిని సంఘం తూచి తన ధరకు మీకు ఇస్తుంది. ఆ డబ్బు నేరుగా సంఘానికే వెళుతుంది.

ఇంత దూరం ఎందుకు, నగరంలోనే ఏదైనా చెరువులో పెట్టవచ్చు కదా అన్న ప్రశ్న కూడా వచ్చింది. హుస్సేన్‌సాగర్ వంటి నగరపు చెరువుల్లోకి మురుగు చేరుతుంది, అక్కడి చేపను మీ ఇంట్లో వండమని నేను చెప్పలేను. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నగరానికి తాగునీరు ఇచ్చే జలాశయాలు. వాటి ఒడ్డున గుంపులుగా చేరి ఎర ముద్దలు విసరడం నాకు సమ్మతం కాదు.

భద్రత గురించి. మన చెరువుల్లో చాలావాటిలో పూడిక, మొరం తీసిన గుంతలు నీటి కింద కనబడకుండా ఉంటాయి. మోకాలి లోతు అనుకుని దిగిన చోట రెండడుగులు వేస్తే మనిషి మునిగే లోతు రావచ్చు. అందుకే ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు నేల చూసి, గుంతలు లేని ఒడ్డునే ఎంచుకున్నాం. అక్కడ కూడా ఎవరినీ నీటిలో దిగనివ్వం. పన్నెండేళ్లలోపు పిల్లలు ఒడ్డున ఉన్నా లైఫ్ జాకెట్ వేసుకోవాలి, ఇందులో బతిమాలడాలు ఉండవు. ఒక ఉదయానికి ఆరు కుటుంబాలకు బదులు నాలుగు కుటుంబాలనే తీసుకుంటాం. ఏప్రిల్‌లో ఉరుము వినబడితే గాలపు కర్రలు కింద పెట్టించి అందరినీ వాహనాల్లో కూర్చోబెడతాం. నీటి పక్కన పొడవాటి కర్ర ఎత్తి నిలబడడం పిడుగును పిలవడమే.

ధర నలుగురి కుటుంబానికి 2,400 రూపాయలనుంచి 2,900 రూపాయలు అవుతుంది. అందులో 800 సంఘానికి, 900 రోజంతా వలపని మానుకుని మీ వెంట ఉండే మత్స్యకారుల కూలికి, 350 టిఫినుకు, చాయకు, 250 ఎర, తంగూసు, గాలాలకు పోతాయి. మిగిలిన 600లో బీమా, లైఫ్ జాకెట్లు, కర్రల మరమ్మతు పోను ఉన్నది నా బతుకుతెరువు. కుటుంబాల సంఖ్య తగ్గించినందువల్ల ఇంతకన్నా తక్కువకు నడపడం సాధ్యం కావడం లేదు. ధర పెంచకుండా మత్స్యకారుల కూలి తగ్గించే దారి ఒకటి ఉంది, అది నేను ఎన్నటికీ పట్టను; చెరువు గురించి మీ పిల్లలు నేర్చుకునేదంతా వారి దగ్గరే.

పాత ధరకు ఇప్పటికే పేర్లు ఇచ్చినవారికి ఆ ధరే వర్తిస్తుంది. కొత్త వేళలు కుదరనివారు, చేప హామీ లేదని తెలిసి మనసు మార్చుకున్నవారు దసరాలోగా చెబితే చెల్లించినదంతా తిరిగి ఇస్తాం. యాత్ర ముందురోజు సాయంత్రం వాతావరణం చూసి మేమే రద్దు చేస్తే, మరో ఆదివారమో డబ్బో మీరే ఎంచుకోవచ్చు. వచ్చేటప్పుడు పిల్లలకు టోపీ, జారని చెప్పులు, ఒక జత మార్చుకునే బట్టలు తెండి. ఎర, గాలాలు మా దగ్గర ఉన్నాయి, కొనవలసిన పని లేదు. మొయినాబాద్ దాటాక రోడ్డుకు రెండువైపులా ఉన్న పెద్ద మర్రిచెట్ల కింద వేగం తగ్గించండి, ఆ వేళకు ఇంకా మసక చీకటే ఉంటుంది.