రవాణా మంత్రి గారూ, వ్యాను నడపడం మాకెవరు నేర్పాలి?

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది విశాఖపట్నం, కంచరపాలెం. మా బావా నేనూ పెళ్లిళ్లకు భోజనాలు వండి పంపుతుంటాం. నిరుడు వెనకంతా మూసేసి ఉన్న పాత డీజిల్ వ్యాను ఒకటి కొన్నాం. నా పేరు మీదికి మార్చేటప్పుడు ఇన్సూరెన్సు చూపించమన్నారు, ఫిట్‌నెస్ చూపించమన్నారు, ట్యాక్సు బాకీ ఉందా అన్నారు. ఇంతకు ముందు వ్యాను నడిపావా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగుంటే ఉన్నదే చెప్పేవాణ్ణి. చిన్న కారు మీద నేర్చుకున్నానండీ, ట్రాక్ మీద ఎనిమిది వేసి లైసెన్సు తెచ్చుకున్నాను, అంతే.

సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. మర్నాడే బండి రోడ్డెక్కింది.

చట్టానికి ఇది చాలు. ఎల్ఎంవీ లైసెన్సు, అంటే కారు లాంటి తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవాళ్లు, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని వేరే బ్యాడ్జి (లైసెన్సు మీద రవాణా వాహనానికి వేసే అనుమతి) లేకుండా నడపొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ప్రమాదాలకు ఇలాంటివాళ్లే ముఖ్య కారణమని చూపే లెక్కలేవీ తమ ముందుకు రాలేదని కూడా చెప్పింది. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. మాలాంటివాళ్లకు అన్నం పెట్టే తీర్పు. బండి ఇచ్చారు సరే, కాస్త నేర్పించండి అనే ఈ ఉత్తరం.

కారులో ముందు చక్రాలు మన కాళ్లకు అవతల ఉంటాయి. మా వ్యానులో నేను కూర్చునేదే చక్రం మీద. కారు అలవాటుతో సందు రాగానే తిప్పేశాను. ముందు భాగం చక్కగా తిరిగింది, వెనక చక్రం లోపలికి కోసుకొచ్చి ఒకరి ప్రహరీ మూల గీరేసింది. మొదటి రోజు కూలీ ఆ గోడ సిమెంటుకే పోయింది. లోపలి అద్దంలో చూస్తే వెనక రేకు తప్ప ఏమీ కనిపించదు. పక్క అద్దాలేమో ఉబ్బుగా ఉంటాయి కాబట్టి దగ్గరున్న స్కూటరు కూడా దూరంగా ఉన్నట్టు చూపిస్తాయి. పూర్ణామార్కెట్ దగ్గర వెనక్కి తియ్యాలంటే మా కుర్రాడు దిగి "రానీ, రానీ, హోల్డాన్" అనాల్సిందే. వాడు నా అద్దంలోంచి తప్పుకుంటే నేను ఆపేయాలని మాకిద్దరికీ తెలియడానికి వారం పట్టింది.

అసలు పాఠం సింహాచలం కొండ మీద పెళ్లికి వెళ్లిన రోజు. గోపాలపట్నం దగ్గర ఆటో అడ్డొస్తే బ్రేకేశాను. వ్యాను ఆగింది, సాంబారు ఆగలేదు. గుండిగల్లో ఉన్నదంతా ముందుకొచ్చి కొట్టుకునేసరికి, వెనక నుంచి ఎవరో భుజం పెట్టి తోసినట్టు బండి ఊగి ఇంకో జానెడు జరిగింది. ఆటోకూ నాకూ మధ్య మిగిలింది మరో జానెడు.

భోజనాలయ్యాక గిన్నెలు, పొయ్యిలు, మిగిలిన నీళ్ల క్యాన్లతో కొండ దిగుతున్నాం. మూడో గేరు, కాలు బ్రేకు మీద. సగం దూరం వచ్చేసరికి వాసన. పక్క సీట్లో కుర్రాడు ముక్కు ఎగబీల్చి "ఏదో అడుగంటిందేటన్నా?" అన్నాడు. వంటవాళ్లం కదా, మాకు ముందు అదే గుర్తొస్తుంది. మాడుతున్నది గిన్నె కాదు, బ్రేకులు. తర్వాతి మలుపులో పెడల్ మెత్తగా, స్పాంజిలా కిందికి దిగిపోయింది. రెండో గేరుకీ, ఒకటికీ లాగి, హ్యాండ్‌బ్రేకు వేసి, రోడ్డు కాస్త వెడల్పున్న చోట ఆపాను. కుర్రాడు చక్రం కింద రాయి పెట్టాడు. అరగంట అలాగే కూర్చున్నాం. ఇద్దరం మాట్లాడుకోలేదు.

మా వీధిలో లారీ నడిపి రిటైరైన బాబాయ్ ఒకాయన ఉన్నాడు. విని తిట్టాడు. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి నాన్నా. ఇంజినే బండిని పట్టుకుంటుంది" అన్నాడు. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లను ఇంకా ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

ఇది బాబాయ్‌కి తెలుసు, మీ శాఖకూ తెలుసు. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రాల్లో ఎల్ఎంవీ కోర్సు 29 గంటలు. అందులో 21 గంటలు బండి నడపడమే. రివర్సు, పార్కింగు, ఎత్తు ఎక్కడం, పల్లం దిగడం అన్నీ ఉన్నాయి. వ్యాను నడపబోయేవాళ్లకు అందులో ఓ నాలుగు గంటలు బరువేసిన మూత వ్యాను మీద చేయించండి. ఇసుక బస్తాలొక్కటే చాలవు, సగం నింపిన నీళ్ల డ్రమ్ములు కూడా పెట్టండి. సగం డ్రమ్ము ఎలా తోస్తుందో అప్పుడు తెలుస్తుంది. నాలాగా లైసెన్సు ముందే ఉండి కొత్తగా వ్యాను కొన్నవాళ్లకు, పేరు మార్పిడికి వచ్చినప్పుడే ఒక పూట శిక్షణ పెట్టండి. ఫీజు తీసుకోండి, కడతాం. ఆ గోడ సిమెంటు కన్నా ఎక్కువ కాదులెండి. నేర్పడానికి మా బాబాయ్ లాంటివాళ్లు గాజువాకలో, ఎన్ఏడీ కూడలి దగ్గర బోలెడంతమంది దొరుకుతారు.

మాఘమాసం ముహూర్తాలకు మా తమ్ముడు కూడా వ్యాను పట్టుకుంటానంటున్నాడు. వాడికి లైసెన్సు వచ్చి మూడు నెలలైంది. చిన్న కారు మీద.

ఇట్లు,
ఒక క్యాటరింగ్ వ్యాను డ్రైవరు,
కంచరపాలెం, విశాఖపట్నం