తగ్గాక ఎవరికి లెక్క చెప్పాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎడమవైపు లావుగా, కుడివైపు సన్నగా ఒకే మనిషి ఫొటోలు రెండు వేసి, ఎన్ని నెలల్లో ఎన్ని కిలోలు తగ్గారో రాసే కథనాలు మీ పేపర్లో అప్పుడప్పుడూ వస్తుంటాయి. నేను వదలకుండా చదువుతాను. కానీ చదివిన ప్రతిసారీ ఒకటే డౌటు, ఈ మనిషి రెండేళ్ల తర్వాత ఎలా ఉన్నారు? ఎవరైనా ఫోన్ చేసి అడిగారా? దయచేసి ఒకసారి పాత కథనాల్లోని వాళ్లని మళ్లీ పలకరించి రాయండి, బరువు తిరిగొచ్చిన వాళ్లవి కూడా, కావాలంటే పేరు లేకుండా. ఎందుకంటే తగ్గడం కన్నా ఆ తర్వాతి కాలమే ఎక్కువ. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వారానికి అరకిలో చొప్పున తగ్గడం సురక్షితమని చెప్పింది. ఆ లెక్కన 20 కిలోలకి తొమ్మిది, పది నెలలు. మిగతా జీవితమంతా నిలబెట్టుకోవడమే కదా.

నేనూ కొన్నేళ్ల కిందట మోకాళ్ల నొప్పులు భరించలేక తగ్గినదాన్నే. తగ్గుతున్నన్నాళ్లూ అడిగేవాళ్లకి కొదవ లేదు. డైటీషియన్ అడిగేది, స్టాఫ్‌రూమ్‌లో అడిగేవాళ్లు, జాకెట్లు కుట్టే ఆవిడ కూడా మళ్లీ కుట్లు లోపలికి వెయ్యాలా అని నవ్వేది. అనుకున్న బరువుకి రాగానే డైటీషియన్ "చాలా బాగుందండీ, ఇక రానక్కర్లేదు" అంది. సరిగ్గా అప్పుడే శరీరం తన పని మొదలుపెడుతుంది! ఇది నా ఒక్కదాని బాధే కాదు. ఆస్ట్రేలియాలో 50 మందితో మొదలుపెట్టిన ఒక పరిశోధనలో (2011లో అచ్చయింది), తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గించి, ఏడాది తర్వాత రక్తపరీక్షలు చేస్తే ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ తగ్గకముందు కన్నా ఇంకా ఎక్కువగానే, కడుపు నిండిన భావన ఇచ్చే లెప్టిన్ అనే హార్మోన్ ఇంకా తక్కువగానే ఉన్నాయి. అంటే బరువు తిరిగొచ్చిన వాళ్లని చూసి నోరు కట్టుకోలేరని వెక్కిరించేవాళ్లకి విషయం తెలీదన్నమాట.

మరి ఏం చేస్తే నిలుస్తుంది? దీని మీద నాకు నచ్చిన పరిశోధన అమెరికాలో జరిగింది, 2006లో అచ్చయింది. అప్పటికే బాగా బరువు తగ్గిన 314 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి పోస్టులో సమాచార పత్రం మాత్రమే పంపారు. ఒక గుంపుకి ఇంటర్నెట్‌లో సలహాలు. మూడో గుంపు వాళ్లు ఎదురెదురుగా కూర్చుని కలుసుకున్నారు, మొదట వారం వారం, తర్వాత నెలకోసారి. పద్దెనిమిది నెలలు పోయాక చూస్తే మొదటి గుంపు వాళ్లు సగటున 4.9 కిలోలు, ఇంటర్నెట్ వాళ్లు 4.7 కిలోలు పెరిగారు, ఎదురెదురుగా కలిసినవాళ్లు 2.5 కిలోలే. వాళ్లు కూడా పెరిగారు, నిజమే, మంత్రమేమీ లేదు. కానీ సగం తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. ఇంకో సంగతి, వాళ్లు బరువుని ట్రాఫిక్ లైట్లలా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని పెట్టుకున్నారు. 2.3 కిలోలు, ఆపైన పెరిగితే ఎరుపు, అప్పుడు మళ్లీ తగ్గే పద్ధతులు మొదలుపెట్టాలి, ఆకుపచ్చలో ఉంటే చిన్న చిన్న కానుకలు. పది కిలోలు పెరిగాక ఏడవడం కన్నా రెండు కిలోల దగ్గర మేలుకోవడం తేలిక.

మా ముగ్గురి పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. మా వదిన, మా స్కూల్లోనే పనిచేసే ఇంకో టీచర్, నేను. ఆదివారం పొద్దున్నే బరువు చూసుకుని వాట్సాప్‌లో అంకె ఒక్కటే పెడతాం. దాని కింద ఎవరూ ఏమీ రాయకూడదు, బొటనవేలు బొమ్మ కూడా పెట్టకూడదు. రెండు కిలోలు దాటితే మాత్రం మిగతా ఇద్దరిలో ఒకరు ఆ వారం ఆవిడతో కలిసి నడకకి రావాలి. ఎందుకు పెరిగావని అడగకూడదు, అడిగితే అబద్ధాలు మొదలవుతాయి. ఇది చీటీ లాంటిది, డబ్బు మనదే అయినా మిగతావాళ్ల మొహాలు గుర్తొచ్చి ఒకటో తారీఖున కట్టేస్తాం చూడండి, అదే పని చేస్తుంది. అంకె చూస్తేనే టెన్షన్ పడేవాళ్లూ, తిండి విషయంలో ఇదివరకే ఇబ్బందులున్నవాళ్లూ ఉంటారు, వాళ్లకి ఈ బరువు లెక్క పనికిరాదు, వారానికి ఎన్ని రోజులు నడిచారో చెప్పుకుంటే చాలు.

ఇంట్లోవాళ్లని మాత్రం ఈ పనికి పెట్టుకోకండి, ఇది నా గట్టి అభిప్రాయం. భర్త పక్కన కూర్చుని "ఇంకో పూరీ ఎందుకులే" అంటే, వద్దనుకున్న పూరీ కూడా పంతానికి తింటాం. ఇక చుట్టాలు రెండు రకాలు. తగ్గి కనపడితే "ఏంటమ్మా అలా చిక్కిపోయావు, షుగరేమైనా వచ్చిందా" అంటారు, వాళ్లే ఆ నోటితోనే "ఒక్కటి తింటే ఏమవుతుంది" అని రెండు అరిసెలు వేస్తారు, ఆర్నెల్ల తర్వాత పెళ్లిలో కనపడి "మళ్లీ ఒళ్లు చేశావే" అని నలుగురిలో అంటారు. ఇదంతా ప్రేమే అనుకోవాలట. సంక్రాంతికి ఊరెళ్లే ముందు మేం ముగ్గురం ఎన్ని తింటామో ఒకరికొకరం ముందే చెప్పుకుంటాం. మానేస్తామని ఎప్పుడూ అనుకోం, అరిసెలు మానేసి సన్నగా ఉండి ఏం చేసుకుంటాం?

డబ్బు తీసుకునే చోట్ల ఈ లెక్క అడిగేవాళ్లు దొరకరు. మా ఏరియాలో ఒక స్లిమ్మింగ్ సెంటర్ ఉంది, తొంభై రోజుల ప్యాకేజీ, తొంభై ఒకటో రోజు నుంచి వాళ్లెవరో మనమెవరో, బరువు తిరిగొస్తే ఇంకో ప్యాకేజీ. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, మౌంజారో, వెగోవీ రెండూ 2025లోనే మన దేశంలోకి వచ్చాయి. అవసరమైనవాళ్లకి మంచి మందులే, నేను కాదనను. కానీ వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ మీద చేసిన పరిశోధనలో, ఆపేసిన ఏడాదికల్లా తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. కాబట్టి రాసిచ్చే డాక్టర్‌ని ఆపే సంగతి కూడా మొదటి రోజే అడగండి.

నేననేది ఏంటంటే, దీనికి కొత్తగా ఏ సంస్థా పెట్టక్కర్లేదు. 1961లో న్యూయార్క్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి తన స్నేహితురాళ్లని ఇంటికి పిలిచి తిండి కష్టాలు చెప్పుకోవడంతోనే, బరువు తగ్గాలనుకునేవాళ్లు కలుసుకునే వెయిట్ వాచర్స్ మొదలైంది, అది కంపెనీ అయింది 1963లో. మనకి ఇందిరా పార్కు, కేబీఆర్ పార్కు, కృష్ణకాంత్ పార్కు, ప్రతిచోటా పొద్దున్నే కలిసి నడిచే గుంపులున్నాయి, వాటిలో సగం వాకింగ్ అవగానే నేరుగా టిఫిన్ సెంటర్‌కి వెళ్తాయి, అది వేరే సంగతి. ఆ గుంపులు నెలకో ఆదివారం గేటు దగ్గర ఒక బరువు మిషన్, ఒక నోటుబుక్ పెట్టి, ఎవరి అంకె వాళ్లు రాసుకుని సంతకం పెట్టేలా చేస్తే చాలు. బస్తీ దవాఖానాల్లో కూడా బీపీ చూసినప్పుడే బరువు రాసి, పోయినసారి ఎంతో పక్కనే చూపిస్తే ఇంకా మంచిది.

మల్కాజిగిరి చుట్టుపక్కల ఏ పార్కు వాళ్లయినా మొదలుపెడతామంటే మా ఇంట్లో ఒక బరువు మిషన్ అదనంగా ఉంది, ఇచ్చేస్తాను. బాగానే పనిచేస్తుంది, బ్యాటరీలు మాత్రం వాళ్లే వేసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్.