మ్యూనిక్ వెళ్లే పిల్లలకు ఈ సంగతీ చెప్పండి

సంపాదకుడు గారికి,

పై చదువులకు జర్మనీ వెళ్లే మన పిల్లల సంఖ్య ఏటా పెరుగుతోంది. ఫీజులు, వీసా, పార్ట్‌టైమ్ ఉద్యోగాల గురించి పత్రికల విద్యా పేజీలు ఓపిగ్గా చెబుతున్నాయి, సంతోషం. వాళ్లు కాపురం పెట్టబోయే ఊళ్లలో ఒకప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పాలని నా మనవి. మ్యూనిక్ సంగతే తీసుకోండి.

ఆ నగరం నడిబొడ్డున, హెర్జోగ్ మాక్స్ వీధిలో 1887లో యూదులు పెద్ద ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. దేశంలోని అతి పెద్ద సినగాగ్‌లలో అదొకటి. యాభై ఏళ్లు అక్కడ పెళ్లిళ్లు, పండగలు జరిగాయి. 1938 జూన్ 8న అధికారుల నుంచి కబురొచ్చింది, మందిరాన్ని పడగొడుతున్నామని. హిట్లర్ ఆదేశం అది. ట్రాఫిక్‌కు అడ్డమన్నది పైకి చెప్పిన సాకు. ఆ సాయంత్రమే జనం చివరిసారి ప్రార్థన చేసుకుని, తమ పవిత్ర గ్రంథమైన తోరా చుట్టలను బయటికి తెచ్చుకున్నారు. మర్నాడే కూల్చివేత మొదలైంది. లోపలున్న పెద్ద ఆర్గన్ వాద్యాన్ని ఒక కేథలిక్ చర్చి వాళ్లు కొనుక్కున్నారు. ఆ స్థలం కార్ల పార్కింగ్ అయింది.

యూదుల మందిరాలు తగలబడ్డాయనగానే అందరికీ అదే ఏడాది నవంబరు 9 రాత్రి, నాజీ మూకలు దేశమంతా వాటికి నిప్పు పెట్టిన రాత్రి, గుర్తొస్తుంది. మ్యూనిక్‌లో అంతకు ఐదు నెలల ముందే, పట్టపగలు, ఆర్డరు కాగితంతో, కూలి ఇచ్చి మరీ ఈ పని చేయించారు. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే. మూక చేసిన పనికి కోపం, ఆవేశం అని సర్దిచెప్పేవాళ్లుంటారు. దీనికి ఏం చెబుతారు? 1933లో అక్కడ దాదాపు 9,000 మంది యూదులుండేవారు. 1941 నవంబరు 20న వారిలో సుమారు వెయ్యి మందిని రైలెక్కించి లిథువేనియాలోని కౌనాస్‌కు పంపి, ఐదో రోజున కాల్చి చంపారు. హిట్లర్‌ను క్రమశిక్షణ గల నాయకుడని మెచ్చుకునేవాళ్లు మన దగ్గర ఇప్పటికీ తగులుతుంటారు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

2023 వేసవిలో ఐజార్ నదిలో పాత ఆనకట్టకు మరమ్మతులు చేస్తుంటే, నీళ్ల అడుగున ఆ మందిరం రాళ్లు బయటపడ్డాయి. 1956లో ఆనకట్ట పనికి ఆ శిథిలాలనే వాడేశారట. సుమారు 150 టన్నుల రాళ్లు. పది ఆజ్ఞలను హీబ్రూలో చెక్కిన పలక ముక్క కూడా వాటిలో ఉంది. చిన్నప్పుడు ఆ మందిరానికి వెళ్లిన షార్లెట్ నోబ్లాక్ ఇప్పుడు అక్కడి యూదు సమాజానికి అధ్యక్షురాలు. తొంభై దాటిన వయసులో ఆమె ఆ రాతిని మళ్లీ చూడగలిగారు.

వచ్చే అడ్మిషన్ల సీజన్‌కు మ్యూనిక్ గురించి రాసేటప్పుడు రెండు చోట్లు చేర్చండి. ఒకటి, హెర్జోగ్ మాక్స్ వీధిలో 1969లో నిలబెట్టిన స్మారక శిల. రెండోది, యాకోబ్స్‌ప్లాట్జ్‌లో 2006 నవంబరు 9న తెరిచిన కొత్త సినగాగ్. దాని పక్కనే యూదు మ్యూజియం ఉంది. మన పిల్లలు ఫొటోలు దిగే మరియన్‌ప్లాట్జ్ నుంచి అక్కడికి ఐదారు నిమిషాల నడక.

— ఒక పాఠకురాలు, కాకినాడ