డాక్టర్ రావడమే కాదు, నిలవాలి

సంపాదకునికి,

రాష్ట్రంలో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం(పీహెచ్‌సీ)లోని ఇద్దరు డాక్టర్లలో ఒకరు ఓపీ చూస్తే, మరొకరు 104 వాహనంతో ఊళ్లకు రావాలి. బీపీ, షుగర్ ఉన్న ముసలివాళ్లకు ఇది నిజంగా మేలే. అయినా మా చంద్రగిరి వైపు జ్వరం తగ్గకపోతే జనం తిరుపతి బస్సెక్కి రుయా పెద్దాసుపత్రికే పోతారు. వాళ్లను తప్పుపట్టలేం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక వైద్యమంటే పెద్దాసుపత్రే అన్న నమ్మకం బలపడింది. పైగా డాక్టర్ మారినప్పుడల్లా జబ్బు సంగతంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. మా అవ్వయితే "ఈయప్ప కొత్తోడు, వద్దులే" అనేస్తుంది. పథకం పేరు ఎన్నిసార్లు మార్చుకున్నా మాకు అభ్యంతరం లేదు. ఒకే డాక్టర్‌ను కనీసం మూడేళ్లు ఉంచండి, మధ్యాహ్నం తర్వాత కూడా రక్తపరీక్ష చేసే మనిషిని పెట్టండి.

- ఒక పాఠకుడు, చంద్రగిరి, తిరుపతి జిల్లా