మందు తాగిన రోజు మందు మానేస్తున్నారు సార్

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది పల్నాడు. నేను హెచ్ఐవీ పాజిటివ్. 2007లో కడుపుతో ఉన్నప్పుడు రక్తం టెస్ట్ చేస్తే బయటపడింది, కాన్పు రోజు నాకొక మాత్ర ఇచ్చారు, పుట్టాక పాపకి చుక్కలు వేశారు, దేవుడి దయ వల్ల పాప నెగటివ్. మా ఆయన లారీ మీద పోయేవాడు, తర్వాత మూడేళ్ళకి చనిపోయాడు. ఇప్పుడు నేను హెచ్ఐవీ మాత్రలు ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి రాకుండా మానేసిన వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, మాట్లాడి, మళ్ళీ తీసుకొచ్చే పని చేస్తున్నా. పదేళ్ళ పైనే అయింది. పేరు రాయట్లేదు, ఎందుకో మీకు తెలుసు, పాపకి సంబంధాలు చూస్తున్నాం.

ఒక్క సంగతి చెప్పాలని ఈ లేఖ. ముందు జరిగింది చెప్తా.

ఒక తాపీమేస్త్రి ఉన్నాడు, నలభై దాటాయి, నన్ను అక్కా అంటాడు. పోయినేడాది నేనే సెంటర్‌కి వెంట తీసుకెళ్ళా. కౌన్సిలర్ మేడం బుక్ చూసుకుంటా, తల కూడా ఎత్తకుండా, "మందు మానేశావా?" అని అడిగింది. ఇతను "మానేశా మేడం" అన్నాడు. ఆవిడ "గుడ్" అని రాసేసుకుంది. బయట బెంచీ మీద కూర్చున్న నాకు కూడా సంతోషం వేసింది. తర్వాత వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూస్తే వేలల్లో ఉంది. ఏందయ్యా ఇది అంటే, అతను మానేసింది మాత్రలు సార్! తాగుడు కాదు. ఆవిడ అడిగింది ఒక మందు, ఇతను చెప్పింది ఇంకో మందు. నవ్వాలో ఏడవాలో తెలీలా.

ఎందుకు మానేశావురా అంటే అతను చెప్పింది వినండి. "తాగి మాత్ర వేసుకుంటే గుండె ఆగిపోద్దంట కదక్కా, మొదటి రోజే చెప్పారు, మాత్రలు వాడేటప్పుడు తాగకూడదని, మరి నేను తాగిన రోజు వేసుకోవట్లా." అంటే మనోడు రూల్ పాటిస్తున్నాడు! చెప్పింది చెప్పినట్టు వింటున్నాడు. వారంలో అయిదు రోజులు తాగుతాడు కాబట్టి అయిదు రోజులు మాత్ర లేదు. ఇతనొక్కడే అయితే మీకు రాసేదాన్ని కాదు. నేను ఇళ్ళకి తిరిగిన చోటల్లా, తాగే మగవాళ్ళని మెల్లగా కూర్చోబెట్టి అడిగితే సగానికి సగం మంది ఇదే మాట చెప్తారు. శనివారం కూలి డబ్బులు వస్తాయి, శనివారం ఆదివారం మాత్ర ఉండదు. పండగలు, పెళ్ళిళ్ళు, తిరనాళ్ళు సరేసరి.

మనం చెప్పాల్సింది "తాగొద్దు, కానీ తాగినా సరే మాత్ర మాత్రం మానొద్దు" అని. ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు సార్. చెప్తే తాగమని లైసెన్స్ ఇచ్చినట్టు అవుద్దని భయం. గోడ మీద పోస్టర్లో కూడా సీసా మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టి ఉంటది, అంతే. తాగుడు లివర్‌ని పాడు చేస్తది, టీబీ రాకుండా ఇచ్చే మాత్రలు వాడేటప్పుడు తాగితే లివర్‌కి ఇంకా డేంజర్, అవన్నీ నిజమే, నేనూ చెప్తా. కానీ ఇప్పుడు హెచ్ఐవీకి ఇచ్చే టీఎల్‌డీ మాత్ర తాగిన రాత్రి వేసుకుంటే మనిషి చచ్చిపోడు, ఆ మాత్ర రోజులకి రోజులు మానేస్తే మాత్రం వైరస్ లేచి కూర్చుంటది, మందుకి లొంగకుండా తయారయ్యే ప్రమాదమూ ఉంది. ఈ మాట మీ శాఖ నుంచి తెలుగులో, పెద్దక్షరాల్లో, సెంటర్ గోడ మీదకి రావాలి. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

మనకి లెక్క తక్కువేం కాదు కదా సార్. దేశంలో పాతిక లక్షల మంది పైగా పాజిటివ్ అంటే అందులో 3 లక్షల పైచిలుకు మన రాష్ట్రంలోనే, పెద్దవాళ్ళలో శాతం చూస్తే దేశం సగటుకి మూడింతలు. ఉచితంగా మాత్రలు 2004లో మొదలయ్యాయి, 2017 నుంచి సీడీ4, అంటే ఒంట్లో జబ్బుతో పోరాడే కణాల లెక్క, ఎంత ఉన్నా సరే వెంటనే ఇస్తున్నారు, అదంతా గొప్ప పనే, నేను బతికుండి ఈ లేఖ రాస్తున్నానంటే ఆ మాత్రల వల్లే. నాకు 2014లో మొదలెట్టారు, సీడీ4 350 కిందకి దిగితేనే ఇచ్చే రోజులవి. అప్పటి రాత్రి మాత్రలో ఎఫావిరెంజ్ అనే మందు ఉండేది, మింగిన గంటకి తల తిరిగేది, తూలేదాన్ని, పిచ్చి కలలు, ఊరికే ఏడుపు. మా అత్త "ఇది కూడా తాగుడు మొదలెట్టింది" అని పక్కింట్లో చెప్పింది! ఆ కలలు, ఆ ఏడుపు మాత్ర వల్ల వస్తాయని నాకు ఏడాది దాకా ఎవరూ చెప్పలా, నాకే పిచ్చి పడుతుందేమో అనుకున్నా. 2021లో మాత్ర మారాక తేలికపడ్డా. ఏమీ తెలియని ఆ మొదటి ఏడాదిలో రెండుసార్లు బావి దాకా వెళ్ళి వెనక్కొచ్చా సార్. సెంటర్లో ప్రతి నెలా బరువు చూశారు, దగ్గు ఉందా, జ్వరం ఉందా, రాత్రి చెమటలు పడుతున్నాయా అని అడిగారు, మనసు ఎలా ఉందని ఒక్కసారి అడగలా.

మీ ప్రోగ్రామ్‌లో మత్తు అంటే సూదే. సూదితో డ్రగ్స్ తీసుకునే వాళ్ళకి ఓఎస్‌టీ సెంటర్ పెట్టి, సూది బదులు బుప్రెనార్ఫిన్ అనే మాత్ర ఇస్తారు, మంచిదే, మిజోరం, మణిపూర్, నాగాలాండ్‌లో దాని అవసరం చాలా ఉంది. మా దగ్గర సూది ఎక్కడో ఒకటి. మా దగ్గర మత్తు అంటే క్వార్టర్ సీసా. 2024 అక్టోబర్‌లో కొత్త పాలసీ వచ్చి 99 రూపాయలకే క్వార్టర్ అయ్యాక మా మేస్త్రి అన్న మాట, "అక్కా, గవర్నమెంట్ మా గురించి కూడా ఆలోచిస్తుందే" అని. ఎక్సైజ్ మీ శాఖ కాదని తెలుసు, ఊరికే గుర్తొచ్చి రాశా.

ఆడవాళ్ళ సంగతి వేరు, అది ఇంకా కనపడదు. వాళ్ళు సీసా పట్టరు, మెడికల్ షాప్‌కి పోయి "నిద్ర పట్టట్లేదు" అంటారు, అతను చీటీ లేకుండా అల్ప్రాజోలం పట్టీ కత్తిరించి ఇస్తాడు. మొదట సగం, తర్వాత ఒకటి, తర్వాత రెండు. నేను తిరిగే ఊళ్ళలో ఒకామె రోజుకి నాలుగు దాకా వెళ్ళింది. మొగుడు పోయాడు, అత్తగారు "నా కొడుకుని మింగేసింది" అని గిన్నె, గ్లాసు వేరే పెట్టింది. మొగుడి నుంచి వచ్చిన జబ్బుకి ఈవిడ దోషి. ఆమె నిద్ర మాత్రలు మాన్పించాలంటే ముందు ఆ గ్లాసు సంగతి తేల్చాలి కదా, అది ఏ రిజిస్టర్లో రాస్తారు?

ఇంక పుట్టుకతోనే ఈ జబ్బు వచ్చిన పిల్లలు. వాళ్ళిప్పుడు పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ వాళ్ళు సార్. చిన్నప్పుడు అమ్మమ్మలు "బలం మాత్రలు" అని చెప్పి మింగించారు. పన్నెండో ఏటో పదిహేనో ఏటో ఫోన్లో మాత్ర పేరు కొట్టి చూసుకుని వాళ్ళే తెలుసుకున్నారు. ఒక పిల్లాడు నాతో "పిన్నీ, నేనేం చేశానని" అన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు, పక్కన కూర్చున్నా. వాడు మాత్రలు కాలవలో పారేశాడు, గంజాయి బ్యాచ్‌లో చేరాడు. పోలీసులు పట్టుకుంటే కేసు అయింది గానీ, వాడికి డిప్రెషన్ అని ఇంతవరకు ఎవరూ కాగితం మీద రాయలా.

మేస్త్రి దగ్గరికి మళ్ళీ వస్తా. తాగుడు మానతానని వాడే అడిగాడు. వాళ్ళావిడ అప్పటికే బస్టాండ్ గోడ మీద "తాగుడు మాన్పించబడును, పేషెంట్‌కు తెలియకుండా" అని నంబర్ చూసి పౌడర్ తెప్పించి కూరలో కలిపింది, వాంతులు తప్ప ఏమీ కాలా. ఇంకోసారి వాడే ఒక్కసారిగా మానేశాడు, రెండో రోజుకి చేతులు వణికి, మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. రోజూ తాగేవాళ్ళు ఒకేసారి ఆపేస్తే ప్రాణం మీదకి వస్తదని వాళ్ళకి ఎవరు చెప్పాలి? సరే, ఒక పెద్దాస్పత్రికి తీసుకెళ్ళా. ఏఆర్‌టీ సెంటర్ ఒక బిల్డింగ్, సైకియాట్రీ ఓపీ ఇంకో బిల్డింగ్, మూడో అంతస్తు. చీటీ రాయించుకుని లైన్లో నిలబడితే అక్కడి అటెండర్ చీటీ చదివి, "ఆ ఏఆర్‌టీ వాళ్ళు ఇటు పక్కన నిలబడండి" అని గట్టిగా అరిచాడు. లైన్లో మా మండలం వాళ్ళే ఇద్దరున్నారు. మేస్త్రి మెట్లు దిగిపోయాడు. నేను వెనకాలే పరిగెత్తా, దొరకలా. సాయంత్రం ఏ షాప్ దగ్గర దొరికాడో నేను చెప్పక్కర్లేదు.

2017 హెచ్ఐవీ చట్టం ఉంది, రాతపూర్వకంగా మేం ఒప్పుకోకుండా మా స్టేటస్ బయట పెట్టకూడదని, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. ఆ అటెండర్‌కి అది ఎవరూ చెప్పి ఉండరు, వాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. అసలు మమ్మల్ని ఆ మెట్లు ఎందుకు ఎక్కించాలి అని నా ప్రశ్న. మాత్రల రోజు మేం ఎలాగూ వస్తాం. కూలి మానుకుని, బస్ చార్జీ పెట్టుకుని వస్తాం. ఆ రోజే, ఆ గదిలోనే, వారానికి ఒక పూట సైకియాట్రీ డాక్టర్‌ని గానీ, కనీసం ట్రైనింగ్ అయిన నర్సుని గానీ కూర్చోబెట్టండి. జిల్లా మానసిక ఆరోగ్య ప్రోగ్రామ్ అని ఒకటి ఉంది కదా, దాని మనుషుల్ని ఇటు పంపడానికి కొత్త పోస్టులు కూడా అక్కర్లేదేమో చూడండి. డిప్రెషన్ మాత్రలు, తాగుడు మాన్పించే మాత్రలు మా ఫార్మసీ కిటికీలోనే ఇవ్వండి, రెండు కిటికీలు అయితే రెండో కిటికీకి ఎవరూ వెళ్ళరు.

మనసు బాగోకపోతే గవర్నమెంట్ హెల్ప్‌లైన్ 14416 కి ఫోన్ చేయమంటారు. మంచి నంబరే, తెలుగులో మాట్లాడతారు, నేను ఒకసారి చేశా కూడా. కానీ ఒకటే గది ఉన్న ఇంట్లో, పక్కన పిల్లలు పడుకుని ఉంటే, పాజిటివ్ అని ఏ గొంతుతో చెప్పాలి?

కౌన్సిలర్ల మీద కంప్లైంట్ కాదిది. ఒక్కొక్కళ్ళు రోజుకి ఎంతమందిని చూస్తారో బెంచీ మీద కూర్చుని లెక్కపెట్టిన దాన్ని నేను, కాంట్రాక్ట్ జీతం, టార్గెట్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు. తల ఎత్తి చూసే టైమ్ ఎక్కడిది. అందుకే అంటున్నా, మనుషుల్ని పెంచండి, అడిగే పద్ధతి మార్చండి. "తాగుతున్నావా?" అని ముఖం పెట్టి అడిగితే "అబ్బే, లేదు మేడం" అంటారు. "పోయిన వారంలో ఎన్ని రోజులు తాగావు, ఆ రోజుల్లో మాత్ర వేసుకున్నావా?" అని మామూలుగా అడగండి, నిజం వస్తది. నేను అలాగే అడుగుతా, అబద్ధం చెప్పినవాళ్ళు తక్కువ.

ఇంకో మాట వినపడుతుంది, పాజిటివ్ వాళ్ళకి నెలనెలా ఇచ్చే 4000 పెన్షన్ తాగేవాళ్ళకి ఎందుకు, ఆపేయాలి అని. ఆపితే సెంటర్‌కి రావడం కూడా మానేస్తారు సార్, ఆ పని మాత్రం చేయొద్దు.

మేస్త్రి ఇప్పుడు తాగిన రోజు కూడా మాత్ర వేసుకుంటున్నాడు. రాత్రి ఎనిమిదింటికి నేను ఫోన్ చేస్తా, మాట ముద్దగా వచ్చినా "వేసుకున్నా అక్కా" అంటాడు, డబ్బా ఊపి చప్పుడు వినిపిస్తాడు. పోయిన నెల వైరల్ లోడ్ వెయ్యి లోపుకి వచ్చింది. తాగుడు అయితే తగ్గలా. ఈ సోమవారం మళ్ళీ సైకియాట్రీకి వస్తానన్నాడు, మాస్క్ పెట్టుకుని, పక్క జిల్లాకి వెళ్దామంటున్నాడు. బస్‌కి రానూపోనూ ఇద్దరికీ 360 రూపాయలు అవుద్ది, చూడాలి.

ఇట్లు,
పల్నాడు నుంచి ఒక పాజిటివ్ మహిళ